సెన్సర్ ఉంది సరే... దాని డ్రైవర్ ఎక్కడుంది?

ఫోన్ రివ్యూల్లో సెన్సర్లకి దక్కేది ఒక్క లైన్. యాక్సిలరోమీటర్, గైరో, ప్రాక్సిమిటీ, యాంబియంట్ లైట్, కంపాస్. అన్నీ ఉంటే టిక్, గైరో లేకపోతే ఒక తిట్టు, అంతే. కెమెరాకి ఆరు పేరాలు, చార్జింగ్‌కి మూడు. నేనూ ఇన్నాళ్లు ఆ లైన్‌ని స్క్రోల్ చేసి కిందికి పోయేవాణ్ణే. ఒకే ఒక్క లైట్ సెన్సర్‌కి డ్రైవర్ రాసి లైనక్స్ కెర్నెల్‌కి పంపాక ఆ లైన్ దగ్గర ఆగడం మొదలుపెట్టా.

చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తా. డివైస్‌లో సెన్సర్ ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. ఆ సెన్సర్‌తో మాట్లాడే కోడ్ ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది అన్నది మిగతా సగం. మనం పెట్టిన డబ్బులు ఎన్నేళ్లు పనికొస్తాయో చాలాసార్లు ఆ రెండో సగమే తేలుస్తుంది. అయినా దాని గురించి మనం అడగం, కంపెనీలు చెప్పవు.

మొదలైంది చెల్లి ట్యాబ్లెట్‌తో

మా చెల్లి దగ్గర ఒక విండోస్ ట్యాబ్లెట్ ఉంది, కీబోర్డ్ ఊడదీసుకునే టైపు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని అప్పటికే ప్రకటించేశారు. దాని ప్రాసెసర్ విండోస్ 11 లిస్టులో లేదు. హార్డ్‌వేర్ మాత్రం గట్టిగానే ఉంది. పారేయడం ఎందుకని 2025 సంక్రాంతికి ఖమ్మం వెళ్లినప్పుడు లైనక్స్ వేసిచ్చా. వైఫై, టచ్, స్పీకర్లు అన్నీ మొదటి బూట్‌లోనే వచ్చేశాయి. ఇంట్లో కాసేపు హీరోని.

వారం తిరక్కుండానే ఫోన్. "అన్నయ్యా, డాబా మీద కూర్చుంటే స్క్రీన్ అస్సలు కనపడట్లేదు. రాత్రేమో కళ్లల్లో టార్చ్ కొట్టినట్టుంది. ముందు దానంతట అదే సర్దుకునేది కదా, నువ్వేం చేశావ్?"

నేనేం చేయలేదు. అసలు చేయాల్సిన పని ఎవరూ చేయలేదు, అదీ సమస్య. ట్యాబ్లెట్ పైఅంచులో, కెమెరా పక్కన, బియ్యపు గింజంత లైట్ సెన్సర్ ఉంది. కంపెనీ దానికి విండోస్ డ్రైవర్ ఇచ్చింది, లైనక్స్‌కి ఇవ్వలేదు. చిప్ బతికే ఉంది, కరెంటు అందుతోంది, బయట ఎండ ఎంతుందో దానికి తెలుసు. అడిగేవాళ్లే లేరు.

చిప్ పార్ట్ నంబర్ ఇక్కడ రాయను. రాస్తే కెర్నెల్‌లో వెతికి నా పేరు పట్టేస్తారు, మా ఆఫీసులో ఆల్రెడీ ఆ సరదా తీరింది.

చిప్ చిన్నదే, పని కూడా చిన్నదే

నాది బీటెక్ ఈసీఈ. మా బ్యాచ్‌లో చాలామందిలాగే ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డా. హైదరాబాద్‌లో రోజూ రాసేది బ్యాకెండ్ జావా. ల్యాబ్‌లో 8051 బోర్డు మీద ఎల్‌ఈడీ వెలిగించి రికార్డు సైన్ చేయించుకున్న తర్వాత మళ్లీ హార్డ్‌వేర్ ముట్టుకోలేదు. కెర్నెల్ డ్రైవర్ అంటే గడ్డాలున్న పెద్దవాళ్ల వ్యవహారం అనుకునేవాణ్ణి.

డేటాషీట్ తెరిచి చూస్తే ముప్ఫై పేజీలు కూడా లేదు. సెన్సర్ ప్రాసెసర్‌తో మాట్లాడేది ఐ2సీ అనే బస్ మీద. రెండే తీగలు, ఒకటి క్లాక్, ఇంకోటి డేటా. ఒకే జత తీగల మీద చాలా చిప్‌లు కూర్చోవచ్చు, ఒక్కోదానికి ఒక్కో అడ్రస్. చిప్ లోపల రిజిస్టర్లు ఉంటాయి, అంటే నంబర్లు వేసిన చిన్న చిన్న గళ్లు. ఒక గడిలో రాస్తే చిప్ నిద్ర లేస్తుంది. ఇంకో గడిలో రాస్తే ఎంతసేపు వెలుతురు పోగుచేయాలో తెలుస్తుంది, దాన్నే ఇంటిగ్రేషన్ టైమ్ అంటారు. మరో గడి నుంచి రెండు బైట్లు చదివితే 0 నుంచి 65535 లోపు ఒక సంఖ్య వస్తుంది. దాన్ని లక్స్‌లోకి మార్చాలి. డ్రైవర్ చేసే పని మొత్తం ఇదే.

అదే చిప్ ఉన్న చిన్న బోర్డు కోసం కోఠి గుజరాతీ గల్లీలో ఒక శనివారమంతా తిరిగా. వేరే లైట్ సెన్సర్లు బోలెడున్నాయి, ఇది లేదు. చివరికి ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకి దొరికింది. రాస్ప్‌బెర్రీ పైకి నాలుగు వైర్లు తగిలించి, బస్ మీద ఎవరెవరున్నారో స్కాన్ చేస్తే దాని అడ్రస్ స్క్రీన్ మీద కనబడింది. నాలుగేళ్ల జీతం స్లిప్పుల్లో ఏ ఒక్కటీ ఇవ్వని ఆనందం అది, నిజంగా.

లైనక్స్‌లో ఇలాంటి సెన్సర్లన్నిటికీ ఒక ఇల్లుంది. ఇండస్ట్రియల్ ఐఓ, పొట్టిగా ఐఐఓ. జోనాథన్ కామెరాన్ మొదలుపెట్టిన ఈ సబ్‌సిస్టమ్ 2009లో కెర్నెల్‌లోకి వచ్చింది. కెర్నెల్ సోర్స్‌లో డ్రైవర్స్ ఫోల్డర్, దానిలో ఐఐఓ, దానిలో లైట్ అనే ఫోల్డర్ తెరిస్తే వెలుతురు కొలిచే చిప్‌ల డ్రైవర్లు వరసగా ఉంటాయి. వాల్వ్ స్టీమ్ డెక్‌లో వాడిన లైట్ సెన్సర్ డ్రైవర్ కూడా అక్కడే ఉంది. నా చిప్‌కి దగ్గరి చుట్టంలాంటి చిప్ డ్రైవర్ ఒకటి పక్కన పెట్టుకుని, మూడు వీకెండ్లలో దాదాపు 300 లైన్లు రాశా. చేతితో సెన్సర్ మూస్తే సంఖ్య పడిపోతోంది, ఫోన్ ఫ్లాష్ వేస్తే పెరుగుతోంది. అయిపోయిందనుకున్నా.

"పనిచేస్తోంది" అంటే అక్కడ ఎవరూ ఒప్పుకోరు

పంపేముందు ఒక సంతకం ఉంటుంది. ప్రతి ప్యాచ్ కింద సైన్డ్ ఆఫ్ బై అని మన పేరు రాయాలి. ఈ కోడ్ ఇవ్వడానికి నాకు హక్కుంది అని మనం ఇచ్చే మాట అది. ఎస్‌సీఓ కోర్టు కేసు గొడవ తర్వాత 2004లో ఈ పద్ధతి వచ్చింది. మనవాళ్లు చాలామంది దీన్ని ఫార్మాలిటీ అనుకుంటారు. మీ ఆఫర్ లెటర్ ఒకసారి తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా రాసే కోడ్ ఎవరిదన్న క్లాజ్ అందులో ఉండే అవకాశం ఎక్కువ. నేను మేనేజర్‌ని అడిగి, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే పంపా. మూడు వారాలు పట్టింది, పట్టినా మంచిదే అంటాను.

మొదటి వెర్షన్‌కి రెండు రోజుల్లో జవాబు వచ్చింది. నా 300 లైన్లలో దాదాపు ప్రతి పది లైన్లకీ ఒక కామెంట్. కొన్ని చిన్నవి: హెడర్లు అక్షర క్రమంలో పెట్టు, ఇక్కడ ఖాళీ లైన్ తీసెయ్, ఈ ఎర్రర్ వస్తే వెనక్కి తిరగడం మర్చిపోయావు. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఆఫీసులో కోడ్ రివ్యూ అంటే "బాగుంది, మెర్జ్ చెయ్" అని థంబ్స్ అప్ కదా, అలవాటు లేదు.

కానీ ఒక ప్రశ్న మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. దాని సారాంశం ఇది: ఇంటిగ్రేషన్ టైమ్ మార్చిన వెంటనే ఎవరైనా రీడింగ్ అడిగితే, నీ డ్రైవర్ ఇచ్చే విలువ పాత టైమ్‌తో కొలిచిందా, కొత్త టైమ్‌తో కొలిచిందా?

ఒక్కసారి ఆలోచించండి. టైమ్‌ని 100 మిల్లీసెకన్ల నుంచి 400కి పెంచితే చిప్ నాలుగు రెట్ల వెలుతురు పోగుచేస్తుంది, కాబట్టి లక్స్ లెక్కలో గుణించే స్కేల్ నాలుగో వంతుకి తగ్గాలి. నా డ్రైవర్ స్కేల్‌ని అప్పటికప్పుడు మార్చేస్తోంది. చిప్ గడిలో మాత్రం ఇంకా పాత కొలతే కూర్చుని ఉంది. పాత కొలతని కొత్త స్కేల్‌తో గుణిస్తే అసలు వెలుతురులో నాలుగో వంతే కనిపిస్తుంది. అంటే గది ఉన్నట్టుండి చీకటైపోయిందని కంప్యూటర్ నమ్మేస్తుంది.

సిగ్గుపడాల్సింది ఏంటంటే, ఆ తేడా నా టెస్ట్ స్క్రిప్ట్‌లో రెండుసార్లు కనబడింది. టార్చ్ కదిలిందేమోలే అనుకుని వదిలేశా. నన్ను ఎప్పుడూ చూడని, ఆ బోర్డు కూడా చేతిలో లేని మనిషి, కోడ్ చదివి ఊహలోనే పట్టుకున్నాడు. జావాలో ఇన్నేళ్లలో నాకు దొరకని పాఠం అది. మన బల్ల మీద పనిచేసిందంటే మన బల్ల మీద పనిచేసిందనే అర్థం, ఇంకేం కాదు.

ఇంకో దెబ్బ రోబో కొట్టింది. వచ్చిన ప్యాచ్‌లని రకరకాల ప్రాసెసర్లకి, రకరకాల కంపైలర్లతో బిల్డ్ చేసి చూసే ఆటోమేటిక్ టెస్ట్ సిస్టమ్ ఒకటుంది. చిప్ పంపే రెండు బైట్లలో పెద్ద బైట్ ముందొస్తుంది, నా కోడ్ దాన్ని సరిగా ప్రకటించలేదని అది ఎత్తిచూపింది. మనిషి తిడితే వాదించొచ్చు, రోబోతో ఏం వాదిస్తాం?

పేరు ఒకసారి పెడితే అంతే

నేను గొప్పగా ఫీలైన ఫీచర్ ఒకటుంది. చిప్‌లో ఉన్న ఒక గెయిన్ మోడ్‌కి నా సొంత పేరుతో ఒక సెట్టింగ్ ఫైల్ పెట్టా. దాన్ని తీసెయ్యమన్నారు. మొదట కోపం వచ్చింది. పనికొచ్చే ఫీచర్‌ని వద్దంటారేంటి?

కారణం అర్థమయ్యాక కోపం పోయింది. ఐఐఓలో ప్రతి కొలతకీ ముందే ఒప్పుకున్న పేరు, యూనిట్ ఉన్నాయి. లైట్ అయితే లక్స్, యాక్సిలరేషన్ అయితే మీటర్ పర్ సెకండ్ స్క్వేర్డ్, పీడనం అయితే కిలోపాస్కల్. ఏ కంపెనీ చిప్ అయినా అదే పేరు, అదే యూనిట్. అందుకే లైనక్స్‌లో ఆటో బ్రైట్‌నెస్, స్క్రీన్ రొటేషన్ చూసుకునే ప్రోగ్రామ్‌కి నా చిప్ పేరు కూడా తెలియాల్సిన అవసరం లేదు. నేను సొంత పేర్లు పెట్టుకుంటూ పోతే ప్రతి చిప్‌కీ ప్రతి ప్రోగ్రామూ మారాలి. పైగా యూజర్ ప్రోగ్రామ్‌లని పాడు చేయకూడదన్నది లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్లుగా పట్టుబట్టే రూల్. ఒకసారి తప్పు పేరు, తప్పు యూనిట్ లోపలికి వెళ్తే దాన్ని మోస్తూ బతకాల్సిందే. అందుకే గేటు దగ్గర అంత చెకింగ్.

ఐదో వెర్షన్‌కి ఓకే వచ్చింది. అప్పటికి ఆ రౌండ్ మెర్జ్ విండోకి ఆలస్యమైపోయింది. కెర్నెల్ కొత్త వెర్షన్ 9, 10 వారాలకోసారి వస్తుంది, కొత్త కోడ్ తీసుకునేది మొదటి రెండు వారాల్లోనే. మిస్సయితే తర్వాతి బస్సే. మొదటి ప్యాచ్ నుంచి రిలీజ్ వరకు ఆరు నెలలు పైనే పట్టింది.

ఇది ఫ్రీగా చేసే ఊడిగం కాదా?

మా రూమ్‌మేట్ అడిగిన ప్రశ్న ఇది. "వాడు ట్యాబ్లెట్ అమ్ముకుని డబ్బులు చేసుకున్నాడు. వాడి పని నువ్వు శని, ఆదివారాలు కూర్చుని చేశావ్. జీతం పెరిగిందా?"

పెరగలేదు. అతను అన్నదాంట్లో నిజం ఉంది, దాన్ని తీపి మాటలతో కప్పను. ఆ డ్రైవర్ రాయాల్సింది చిప్ అమ్మినవాళ్లు. చేసేవాళ్లు ఉన్నారు కూడా. అనలాగ్ డివైసెస్, ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ లాంటి కంపెనీల ఇంజనీర్లు తమ చిప్‌ల డ్రైవర్లని నేరుగా కెర్నెల్‌కి పంపుతారు. మిగతావాళ్లు చేయకపోవడానికి ఒక కారణం, చేయలేదని అడిగేవాళ్లు లేకపోవడం. కొనేవాళ్లం అడగలేదు, రివ్యూ రాసేవాళ్లం అడగలేదు.

ఆరు నెలలు ఎక్కువే అన్నదీ ఒప్పుకుంటా. ఐదుసార్లు పంపేలోపు వదిలేసి పోయేవాళ్లు తప్పకుండా ఉంటారు. కానీ ఆ కోడ్ ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో లేదు, నా మూడ్ మీద ఆధారపడి లేదు. కెర్నెల్ లోపల ఏదైనా మార్చేవాళ్లు నా డ్రైవర్‌ని కూడా దాంతో పాటే మార్చాలి. నేను రేపు కెర్నెల్ మొహం చూడకపోయినా, ఆ చిప్ ఉన్న ప్రతి డివైస్‌కీ అది పనిచేస్తూనే ఉంటుంది. మెయిన్‌లైన్ అంటే అదీ. కంపెనీ వెబ్‌సైట్‌లో జిప్ ఫైల్‌గా పడేసిన డ్రైవర్‌కి ఆ ఆయుష్షు ఉండదు.

మరి మన ఫోన్ల సంగతి?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. నా కథ ట్యాబ్లెట్‌ది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకా చిక్కుంది. కెర్నెల్ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్ కింద ఉంటుంది కాబట్టి ఫోన్ కంపెనీలు తమ కెర్నెల్ సోర్స్ ఇవ్వాలి. కానీ క్వాల్‌కామ్ చిప్ ఉన్న చాలా ఫోన్లలో సెన్సర్లు మెయిన్ ప్రాసెసర్‌కి నేరుగా తగిలి ఉండవు. సెన్సర్ హబ్ అనే చిన్న ప్రాసెసర్ వాటిని చూసుకుంటుంది. స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ తినకుండా అడుగులు లెక్కపెట్టడానికి ఆ ఏర్పాటు, ఇంజనీరింగ్‌గా చాలా బాగుంది. కాకపోతే ఆ హబ్‌లో నడిచే ఫర్మ్‌వేర్ కెర్నెల్ కాదు, దాని సోర్స్ ఇవ్వాలన్న నిబంధనా లేదు. కస్టమ్ రామ్ వేసేవాళ్లు పాత ఫర్మ్‌వేర్ ఫైళ్లని అలాగే మోసుకెళ్లేది అందుకే.

ఇప్పుడు అప్‌డేట్ల పోటీ నడుస్తోంది. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో 7 ఏళ్లు అంది, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో అదే మాట ఇచ్చింది. బాగుంది. ఇది కంపెనీ ఇచ్చే మాట, కంపెనీ ఉన్నన్నాళ్లు, వాళ్లకి ఇష్టం ఉన్నన్నాళ్లు. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ ఓఎస్ ప్రాజెక్ట్ ఫోన్‌కి పదేళ్ల జీవితం అన్న లక్ష్యం పెట్టుకుంది, దాని దారి మెయిన్‌లైన్ కెర్నెల్. పైన్‌ఫోన్‌లో మోషన్ సెన్సర్, కంపాస్, లైట్ సెన్సర్ అన్నిటికీ ఐఐఓలో డ్రైవర్లున్నాయి. పైన్‌ఫోన్ రోజువారీ వాడకానికి గొప్ప ఫోన్ అని నేననను, కెమెరా చూస్తే ఏడుపొస్తుంది. కానీ దాన్ని తయారు చేసినవాళ్లు రేపు షాపు మూసేసినా దాని కంపాస్ ఉత్తరం చూపిస్తూనే ఉంటుంది. లక్ష రూపాయల ఫ్లాగ్‌షిప్ గురించి ఆ మాట నేను గ్యారంటీగా చెప్పలేను.

అందుకే నా డిమాండ్ ఒకటే. రివ్యూల్లో సెన్సర్ల లైన్ పక్కన ఇంకో లైన్ చేరాలి: కెర్నెల్ సోర్స్ ఇచ్చారా, సెన్సర్ల డ్రైవర్లు మెయిన్‌లైన్‌లో ఉన్నాయా, లేక మూసిన ఫర్మ్‌వేర్‌లోనా? ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్, హ్యాండ్‌హెల్డ్ రివ్యూల్లో ఇది ఇవాళే చేయొచ్చు. లైవ్ యూఎస్‌బీ పెట్టి లైనక్స్ బూట్ చేసి, స్క్రీన్ తిప్పి చూడటానికి పది నిమిషాలు చాలు. ఈ సైట్‌లో నేను రాసే రివ్యూల్లో ఇక నుంచి ఉంటుంది.

మీరు చదువుతున్నది ఈసీఈ అయితే

టీషర్ట్ కోసం రీడ్‌మీ ఫైల్‌లో ఒక పదం మార్చి పంపే ఓపెన్ సోర్స్ మనకి బాగా అలవాటైంది. దానికంటే ఒక సెన్సర్ పట్టుకోండి. ముందు దానికి డ్రైవర్ లేదని కెర్నెల్ సోర్స్‌లో వెతికి నిర్ధారించుకోండి, చాలా చిప్‌లకి వేరే పేరుతో ఆల్రెడీ ఉంటుంది. ఐఐఓలోనే నేర్చుకోవడానికి అన్నట్టు ఒక డమ్మీ డ్రైవర్ ఉంది, హార్డ్‌వేర్ లేకుండానే చదవొచ్చు. మొదటి అడుగు కొత్త డ్రైవరే కానక్కర్లేదు. ఉన్న డ్రైవర్‌తో పనిచేసే కొత్త చిప్ ఐడీ చేర్చినా అది నిజమైన పనే.

చాట్‌బాట్‌తో రాయించొచ్చు కదా అంటారా? నేనూ ప్రయత్నించా. చూడముచ్చటైన కోడ్ ఇచ్చింది, డేటాషీట్‌లో లేని ఒక రిజిస్టర్‌తో సహా. వాడుకోండి, కానీ కింద సంతకం మీదే. ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సిందీ మీరే.

కొత్త కెర్నెల్ వచ్చాక దసరాకి ఇంటికెళ్లి ట్యాబ్లెట్ అప్‌డేట్ చేశా. డాబా మీదికి తీసుకెళ్తే స్క్రీన్ దానంతట అదే వెలిగింది. చెల్లిని పిలిచి గొప్పగా చూపించా. ఒకసారి చూసి, "ఇది ముందు కూడా పనిచేసేది కదా అన్నయ్యా" అని కిందికి వెళ్లిపోయింది.

తన మాటా కరెక్టే. డబ్బులు పెట్టి కొన్నప్పుడు ఉన్నది, ఎప్పటికీ ఉండాలి. మనం అడగాల్సింది కూడా అంతే.